శ్వాసనాళాల క్షయ – శస్త్రచికిత్స



ఉగాది సంబరాల్లో ఈ జబ్బు మాటలేమిటని పెద్దలు నొచ్చుకోవద్దు. మనమున్న ఈ దక్షిణాఫ్రికాలో క్షయ ఈనాటికీ పెద్ద వ్యాధే. మన ఇళ్ళలో మాత్రం దాని పేరు గుమ్మం దాటదు. పెళ్ళి కావలసిన పిల్లకు వస్తే మరీ గోప్యం. ఆరు నెలలు మందులు వాడించి, "తగ్గింది కదా, ఇక ఆ మాట ఎత్తకు" అంటాము.

తగ్గిన మాట నిజమే కావచ్చు. కాని క్షయ ఊపిరితిత్తినే కాక, దానిలోకి గాలి తీసుకుపోయే గొట్టం లోపలి పొరను కూడా పట్టుకొంటుంది. ఇది ఆడవారిలో, అందునా చిన్న వయసువారిలో ఎక్కువగా కనిపిస్తుంది. పుండు మానేటప్పుడు మచ్చ కట్టి గొట్టం బిగుసుకుపోతుంది. మందులు క్రిములను చంపుతాయి గాని మచ్చను కరిగించలేవు. అప్పుడు ఆయాసం, పిల్లికూతలు మొదలవుతాయి. పాత జబ్బు సంగతి దాచాము గనుక డాక్టరు ఉబ్బసమనుకొని పీల్చే మందు ఇస్తారు. ఎక్స్‌రేలో ఒక్కొక్కసారి ఏమీ కనబడదు. సి.టి. స్కాను తీసి, బ్రాంకోస్కోపుతో లోపల చూస్తేనే తెలుస్తుంది.

ఇరుకైన చోటును ముందు బెలూనుతో సాగదీస్తారు. అయినా మూసుకుపోతూ ఉంటే శస్త్రచికిత్స చేస్తారు. ఎడమవైపు పెద్ద నాళం పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. అందులో చెడిన ముక్కను కోసి తీసి, మంచి అంచులు రెండూ కలిపి కుడతారు. చొక్కా చేతి పేరుమీద దీనిని 'స్లీవ్' ఆపరేషన్ అంటారు. కుట్టుపని తెలిసిన మన అక్కచెల్లెళ్ళకు ఇంతకంటే చెప్పనక్కరలేదు. 1947లో లండన్‌లో క్లెమెంట్ ప్రైస్ థామస్ మొదటిసారి, క్షయకు కాదు, నాళంలోని ఒక గడ్డకు ఈ పద్ధతి వాడారు. ఊపిరితిత్తి దక్కుతుంది, అదే దీని గొప్ప. అయితే క్షయ పూర్తిగా అణగిన తరువాతే చేయాలి, లేకుంటే కుట్టు సరిగా మానదు. ఆలస్యమై, ఇరుకు అవతల ఊపిరితిత్తి పాడైపోతే మటుకు దాన్నే తీసివేయవలసి వస్తుంది.

2008లో బార్సిలోనాలో, క్షయవల్ల ఇలాగే ఎడమ నాళం చెడిన ఒక స్త్రీకి, మరణించిన దాత శ్వాసనాళపు ముక్కమీద ఆమె కణాలనే పెంచి అమర్చారని లోకమంతా చెప్పుకొన్నది. అదీ కుంచించుకుపోయింది. 2016లో ఆమె ఎడమ ఊపిరితిత్తి తీసివేశారు. ఆ వ్యాసాన్ని 'లాన్సెట్' పత్రిక 2023లో వెనక్కు తీసుకొన్నది. మాకైతే పాత కుట్టుపనే మేలనిపిస్తుంది.

మానిన మచ్చ ఎవరికీ అంటుకొనేది కాదు. కనుక ఆయాసంతో డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు, ఫలానా ఏడు క్షయ వచ్చింది, ఇన్ని నెలలు మందులు వాడాము అని చెప్పండి. అత్తగారు పక్కనే కూర్చున్నా సరే.