కారులో ఖాళీ సీటు ఎవరికి?

(రేడియో ప్రసంగ పాఠం)

ధ్యాన భాగములు: లూకా 24:13-35, గలతీ 2:11-14



ఈ మధ్య యౌవనస్థులు రాసే ఉత్తరాలలో ఒక ప్రశ్న తరచుగా కనబడుతోంది. "అయ్యగారూ, శని, ఆదివారాలు స్నేహితులతో కలిసి కారులో ఏదో ఒక ఊరు వెళ్ళి రావాలనుకుంటున్నాం. ఇంట్లో పెద్దలు అది లోకసంబంధమైన పని అంటున్నారు. మీరేమంటారు?" ఇదీ ప్రశ్న.

దేవుని బిడ్డలారా, మార్కు సువార్త ఆరవ అధ్యాయం తీసి చూడండి. శిష్యులకు అన్నం తినడానికి కూడా తీరిక దొరకలేదు. అప్పుడు వారిని జనంలేని చోటికి వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నది ఎవరు? ప్రభువే. అందరూ కలిసి పడవ ఎక్కి బయలుదేరారు. కాబట్టి విశ్రాంతి తీసుకోవడం పాపం కాదు. స్నేహితులతో ప్రయాణం పాపం కాదు. ఆదివారం ఆరాధన మానుకొని వెళ్ళవద్దని మాత్రం చెబుతాను. ఎక్కడికి వెళ్ళినా అక్కడొక గుడి ఉంటుంది, అక్కడ మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉంటారు.

అయితే ఈ రోజు మిమ్మల్ని మరో ప్రశ్న అడగాలని ఉంది. ఎక్కడికి వెళ్తున్నారన్నది కాదు, ఎవరితో వెళ్తున్నారు? మీ కారులో చోటున్నా మీరు పిలవనిది ఎవరిని?

ఈ ప్రశ్న నాకు ఒక చిన్న ఊరిలో ఎదురైంది. ఆ ఊరి పేరు తరంగంబాడి. తమిళనాడులో, మయిలాడుతురై జిల్లాలో, సముద్రపు ఒడ్డున ఉంది. పాటలు పాడే అలల ఊరని ఆ పేరుకు అర్థం చెబుతారు. చెన్నై నుండి పుదుచ్చేరి, కడలూరు, చిదంబరం మీదుగా సుమారు 280 కిలోమీటర్లు. పాత మిత్రులం నలుగురం ఒక శనివారం తెల్లవారుజామున చెన్నైలో బయలుదేరి, ఆదివారం ఆరాధనకు అక్కడ ఉండేలా వెళ్ళాం.

చాలా విచిత్రమైన ఊరు అది. తమిళ దేశంలో ఉంది కాని, కోట డెన్మార్కు వాళ్ళది. 1620లో తంజావూరు రాజు రఘునాథ నాయకుడు డెన్మార్కు వారితో ఒప్పందం చేసుకొని ఈ చోటు ఇచ్చాడు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ఊరిలోకి వెళ్ళాలంటే 1792 నాటి తెల్లని ద్వారం కింద నుండి వెళ్ళాలి. లోపల వీధి పేరు కింగ్ స్ట్రీట్. నాలుగు అడుగులు వేస్తే సముద్రం. ఒడ్డున ఉన్న పాత శివాలయంలో కొంత భాగాన్ని సముద్రమే తినేసింది. 1845లో డెన్మార్కు వాళ్ళు ఊరిని ఇంగ్లీషు వారికి అమ్మి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ వీధిలో మధ్యాహ్నం పూట మేకలు పడుకొని ఉంటాయి. ఒడ్డున జాలరులు వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ ఊరిని ఘోరంగా దెబ్బతీసింది. అయినా ఆ జనం ఆ ఒడ్డునే మళ్ళీ నిలబడ్డారు.

మన విశ్వాసులకు ఈ ఊరు మరో విధంగా ముఖ్యం. 1706 జూలై 9న ఇద్దరు జర్మనీ యువకులు ఇక్కడ ఓడ దిగారు. బర్తొలొమేయు సీగెన్‌బాల్గు, హెన్రీ ప్లూట్షౌ. మన దేశానికి వచ్చిన మొదటి ప్రొటెస్టెంటు మిషనరీలు వీరే. మరునాటికి సీగెన్‌బాల్గుకు 24 ఏళ్ళు నిండాయి. పిల్లల పక్కన కూర్చొని, ఇసుకలో వేలితో తమిళ అక్షరాలు దిద్దుకున్నాడు. ఆ ఊరి డెన్మార్కు అధికారే ఆయనను నాలుగు నెలలు చెరలో పెట్టాడు. అయినా 1715 నాటికి తమిళ క్రొత్త నిబంధన ఆ ఊరిలోనే అచ్చయింది. 1719లో 36 ఏళ్ళకే ఆయన కన్నుమూశాడు. అదే సంవత్సరం తరంగంబాడిలో దిగిన బెంజమిన్ షుల్జు తరువాత మద్రాసు వెళ్ళి, తెలుగు నేర్చుకొని, వాక్యాన్ని మన భాషలోకి తర్జుమా చేశాడు. కాబట్టి మన తెలుగు సంఘాలకు కూడా ఆ ఒడ్డుతో చుట్టరికం ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ ఒకే వీధిలో రెండు గుడులు ఉన్నాయి. ఒకటి 1701లో కట్టిన సీయోను గుడి. అది డెన్మార్కు దొరలది. దాదాపు ఎదురుగా 1718లో ప్రతిష్ఠించిన నూతన యెరూషలేము గుడి. సిలువ ఆకారంలో ఉంటుంది. సీగెన్‌బాల్గు సమాధి అందులోనే ఉంది. ఇది నల్లవారి కోసం కట్టింది. దేవుడు ఒక్కడే, వీధి ఒక్కటే, కాని గుడులు రెండు!

దొరల సంగతి అలా ఉంచండి. మనవాళ్ళ సంగతి చూద్దాం. ఆ నూతన యెరూషలేము గుడిలో కూడా విశ్వాసులు కులాన్ని బట్టి వేరువేరు చోట్ల కూర్చునేవారు. ఆ రోజుల్లో రాజనాయకన్ అనే ఉపదేశి ఉండేవాడు. తంజావూరు సైన్యంలో సిపాయి. తరంగంబాడిలో అచ్చయిన వాక్యం చదివి సువార్తకు లోబడ్డాడు. ఆయన సాక్ష్యం వల్ల ఎందరో ప్రభువును నమ్ముకున్నారు. ఆయన పుట్టింది పరయ కులంలో. ఆయనకు పాదిరీగా అభిషేకం ఇవ్వాలా అన్న ఆలోచన వచ్చినప్పుడు ఒక భయం అడ్డు నిలిచింది. ఆయన చేతి నుండి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి పై కులాల విశ్వాసులు ఒప్పుకుంటారా అన్నదే ఆ భయం. 1741లో ఆ అభిషేకం దియోగో అనే మరొక ఉపదేశికి దక్కింది. రాజనాయకన్ జీవితాంతం ఉపదేశిగానే ఉండిపోయాడు.

ఆ చేతులు ఎన్ని గుడిసెల తలుపులు తట్టాయో! ఎందరు రోగుల తలమీద ఉంచబడ్డాయో! కాని ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేసరికి అవి పనికిరాకపోయాయి.

ఈ సంగతి గుడి బయట చెట్టు నీడలో కూర్చొని మాట్లాడుకున్నాం. మాలో ఒక మిత్రుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. కాలేజీ రోజుల నుండి మేము ఒకే పాటల పుస్తకంలో చూసి పాడుకున్నవాళ్ళం. చివరికి ఆయన నోరు విప్పాడు. "చిన్నప్పుడు మా నాయనమ్మతో కలిసి పక్క ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళివారూ విశ్వాసులే, మేమూ విశ్వాసులమే. పాటలు అందరం కలిసే పాడాం. ప్రార్థన అందరం కలిసే చేశాం. భోజనాలకి మాత్రం మావాళ్ళకి వేరే బంతి వేశారు. నాయనమ్మ విస్తరి ముట్టుకోలేదు. నా చెయ్యి పట్టుకొని లేచి వచ్చేసింది. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదురా. రాజనాయకన్ కథ విన్నాక దాచుకోలేకపోయాను."

మేమెవరం జవాబు చెప్పలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాం.

ప్రియ శ్రోతలారా, ఇది మూడు వందల ఏళ్ళనాటి తమిళ దేశపు సంగతి మాత్రమే కాదు. మన తెలుగు పల్లెల్లో ఒకే ప్రభువును ఆరాధించేవారికి ఈ పేటకొక గుడి, ఆ పేటకొక గుడి ఎందుకున్నాయి? పెళ్ళి సంబంధం మాట వచ్చేసరికి సాక్ష్యం కంటే ముందు ఇంకేదో ఎందుకు అడుగుతున్నాం? మనల్ని ఊరి బయట ఉంచినవారిని తప్పు పడతాం. అది న్యాయమే. మరి మనం ఎవరిని బంతి బయట ఉంచుతున్నాం?

గలతీ పత్రిక రెండవ అధ్యాయం చూడండి. అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనం చేసేవాడు. యెరూషలేము నుండి కొందరు వచ్చేసరికి భయపడి మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. ఆయన నోటితో ఏ తప్పుడు బోధా చేయలేదు. లేచి వేరే చోట కూర్చున్నాడు, అంతే. అయినా పౌలు అందరి ఎదుట ఆయనను నిలదీశాడు. ఎందుకు? ఎవరితో కలిసి తింటామన్నది మర్యాదకు సంబంధించిన విషయం కాదు, సువార్తకు సంబంధించిన విషయం. కలిసి తినని చోట మన ప్రసంగాన్ని మన విస్తరే కాదంటుంది.

1833లో కలకత్తా బిషప్పు దానియేలు విల్సన్ దక్షిణాది సంఘాలలో కుల భేదాలు మానుకోవలసిందేనని ఆజ్ఞ పంపాడు. తంజావూరు ప్రాంతంలో చాలామంది ఆజ్ఞకు లోబడే బదులు సంఘాన్నే విడిచి వెళ్ళారు. చూశారా, పైనుండి వచ్చిన ఆజ్ఞతో మనసు మారలేదు. బెంచీలు కలపవచ్చు, మనుషులను ఎవరు కలుపుతారు?

దానికి జవాబు ఎమ్మాయు దారిలో ఉంది. ఇద్దరు స్నేహితులు నడుస్తున్నారు. దాదాపు పదకొండు కిలోమీటర్ల ప్రయాణం. ఊరూ పేరూ తెలియని ఒక బాటసారి వారితో కలిశాడు. ఆయన ఎవరి కుమారుడో, ఏ వంశమో వారు విచారించలేదు. పొద్దుపోయిందని, తమతో ఉండమని బలవంతపెట్టారు. బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆయన రొట్టె విరిచినప్పుడే వారి కళ్ళు తెరవబడ్డాయి. దారి పొడుగునా వాక్యం విన్నారు, హృదయం మండింది. కాని ఆయనెవరో తెలిసింది బల్ల దగ్గరే. ఆ బాటసారిని గుమ్మం దగ్గరే పంపించేసి ఉంటే ఏం పోగొట్టుకునేవారో ఆలోచించండి!

యౌవనస్థులారా, తప్పకుండా ప్రయాణం చేయండి. కొత్త ఊళ్ళు చూడండి. అయితే బయలుదేరేముందు మూడు పనులు చేయండి. మొదటిది, మీ సంఘంలో ఇంతవరకు ఎవరూ ఎక్కడికీ పిలవని ఒకరిని పిలవండి. పెట్రోలు ఖర్చులో వంతు ఇవ్వలేకపోతే ఆ వంతు మీరు వేసుకోండి, ఆ మాట మళ్ళీ ఎత్తకండి. రెండవది, దారిలో ఒకే గిన్నెలోది వడ్డించుకొని కలిసి తినండి. మూడవది, ఆదివారం ఆ ఊరి గుడికి వెళ్ళి, చివరి వరుసలో ఒంటరిగా కూర్చున్నవారి పక్కన కూర్చోండి. భాష రాకపోయినా ఫరవాలేదు.

పెద్దలారా, మీకు కూడా ఒక మాట. ఈసారి మీ ఇంట శుభకార్యం జరిగినప్పుడు బంతి ఎలా వేస్తున్నారో మీరే దగ్గరుండి చూడండి. మీ పిల్లలు దాన్ని చూసి సువార్త అంటే ఏమిటో నేర్చుకుంటారు.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, ఈ మాటలు వింటున్నవారిలో ఏదో ఒక బంతి నుండి కన్నీళ్ళతో లేచి వచ్చినవారు ఉన్నారు. వారిని నీ బల్ల దగ్గర నీ పక్కనే కూర్చోబెట్టుకో. మాలో తోటివారిని దూరంగా ఉంచినవారు ఉన్నారు. వారికి ఈ రోజే లేచి వెళ్ళి పిలిచే ధైర్యం దయచేయి. మా ప్రయాణాలలో, మా భోజనాలలో నీవే మూడవవాడవై మాతో నడువు. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.