పెరటి మంటలు, పొగ : కురబలకోట ప్రాంతపు రైతులకు ఉపన్యాసము



మార్గశిర పుష్య మాసములలో తెల్లవారుజామున కురబలకోట ప్రాంతపు గ్రామములను దూరమునుండి చూచినవారికి ఇండ్ల కప్పులపై తెల్లని తెర పరచినట్లు కానవచ్చును. అందు కొంత మంచు. కొంత నీళ్లపొయ్యిల పొగ. కొంత పెరటిలో తగులబెట్టిన ఆకులలముల పొగ. వెనుక ఒక్కొక్క యింటికి విశాలమైన పెరడు ఉండెడిది గనుక ఎవరి పొగ వారి పెరటిలోనే అణగెడిది. ఇప్పుడు గోడకు గోడ తగిలి యిండ్లు లేచినవి. ఒకని కాగు క్రింది పొగ మరియొకని పడకగదిలో దూరుచున్నది. మంట మానుమని రైతుతో చెప్పుట సులభము, ఆచరణము కష్టము. కావున మంటను ఎట్లు పెట్టవలెనో, ఎప్పుడు పెట్టరాదో ఇందు వివరింపబడును.

1. పొగ యెట్లు పుట్టును?

కట్టె మండుట మూడు దశలలో జరుగును. మొదట కట్టెలోని తేమ ఆవిరియై పోవును. పిమ్మట వేడి 200 సెంటీగ్రేడు డిగ్రీలు దాటగా కట్టె విడివడి మండెడి వాయువులను వెలువరించును. ఆ వాయువులకు చాలినంత వేడియు గాలియు దొరకినయెడల అవి జ్వాలయై మండును. దొరకనియెడల పొగయై లేచిపోవును. తుదకు మిగిలినది బొగ్గయి కణకణలాడును. కావున పొగ యనగా చాలవరకు మండక పోయిన కట్టెయే. పొయ్యి పొగయుచున్నంతసేపు రైతు తన వంటచెరకును గాలిలో కలుపుచున్నాడని గ్రహింపవలెను.

అప్పుడే కొట్టిన పచ్చికట్టె తూకములో సగమువరకు నీరే యుండవచ్చును. అట్టి కట్టె 20 కిలోలు పొయ్యిలో పెట్టిన గృహస్థు 10 కిలోల నీటిని ఆవిరిచేయుటకే తన మంటను వ్యయపరచుచున్నాడు. కాగులోని నీరు కాగదు. కండ్లు మాత్రము మండును.

2. పొగవలని హాని

పొగలోని నలుసులలో మిక్కిలి హానికరమైనవి 2.5 మైక్రానులకంటె చిన్నవి. మైక్రానన మిల్లీమీటరులో వేయవ వంతు. ఇవి ముక్కులో ఆగక ఊపిరితిత్తుల లోతట్టునకు పోయి, అచ్చటినుండి రక్తములోను చేరగలవు. దగ్గు, ఉబ్బసము, పిల్లలకు నిమ్ము, పెద్దలకు గుండెజబ్బు వీనివలన ఎక్కువగును. ఇట్టి నలుసులు 24 గంటల సగటున ఒక ఘనమీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు మించరాదని 2009లో భారత ప్రభుత్వము ప్రమాణము ఏర్పరచినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో 15 మైక్రోగ్రాములకే పరిమితి చేయుమని సూచించినది. 2020లో ఇండ్లలోని పొయ్యిల పొగవలన ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ఆ సంస్థయే అంచనా వేసినది. పొయ్యివద్ద గడపువారు స్త్రీలు. వారి చంకనుండువారు బిడ్డలు. ఆ నష్టములో అధికభాగము వారిదే.

మదనపల్లె గాలికి ఒకప్పుడుండిన ఖ్యాతిని ఇచ్చట తలచుట యుక్తము. గత శతాబ్దపు రెండవ దశకమున క్షయరోగుల చికిత్సకై మదనపల్లె చెంత ఆరోగ్యవరము ఏర్పడెను. డాక్టరు ఫ్రిమోడ్ట్ మోలరుగారు దానికి మొదటి అధికారిగా నుండిరి. మందులు లేని ఆ దినములలో పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే చికిత్సగా నుండెను. ఏ గాలికొరకు రోగులు అంతదూరము వచ్చిరో ఆ గాలిని పాడుచేయకుండుట ఇచ్చటివారి విధి.

మరియొక అపాయము కంటికి కనబడనిది. నిప్పులు గాలి చాలక రగులునప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలమున బాలెంతరాలి గదిలో తలుపులు మూసి నిప్పుల కుంపటి యుంచుట ప్రాణాపాయకరము. తలనొప్పి, వాంతి, మత్తు కలిగినచో వెంటనే తలుపులు తెరచి మనిషిని బయటికి చేర్చి వైద్యునికడకు కొనిపోవలెను.

3. కట్టెలను సిద్ధపరచు విధము

చింత, తుమ్మ, వేప మొదలగు గట్టికట్టెలను వేసవికి ముందే కొట్టించి మణికట్టు లావున చీల్పించవలెను. రాళ్లపై దూలములు వేసి నేలకు తగులకుండ పేర్చి, పైన మాత్రము కప్పు వేసి, ప్రక్కలు గాలికి విడువవలెను. గట్టికట్టె ఆరుటకు ఆరు మాసములనుండి సంవత్సరము పట్టును. తేమ నూటికి 20 పాళ్లకు తగ్గిన కట్టె మండుటకు తగినది. పరీక్ష సులభము: రెండు కట్టెలు తట్టినప్పుడు ఖంగుమని మ్రోగవలెను, కొనలయందు పగుళ్లు కనబడవలెను, బెరడు చేతితో ఊడవలెను. మొద్దుగా శబ్దించినది ఇంకను పచ్చిదే. మల్బరి పుల్లలు, కందికట్టె సన్నవి గనుక త్వరగా ఆరును, రాజబెట్టుటకు మంచివి.

4. నీళ్లపొయ్యి

1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి పల్లెలకు గ్యాసును చేర్చినవి. వంటయింట పొగ తగ్గినది గాని స్నానపు నీటికై పెరటిలో కాగు క్రింద కట్టె పెట్టుట పలుయిండ్లలో నిలిచియేయున్నది. మూడురాళ్ల పొయ్యిలో వేడి నలువైపుల పోవును. దానికి బదులు కాగు మట్టమునకు సరిపడునట్లు మట్టితోను ఇటుకలతోను గోడ కట్టి, కట్టెలక్రింద ఇనుపకమ్ముల జల్లెడ అమర్చి, దానిక్రింద గాలి పోవుటకు ద్వారము విడిచి, వెనుకవైపున పొగగొట్టము నిలుపవలెను. గొట్టము కప్పునకు 3 అడుగులైనను ఎత్తుండవలెను. పొరుగువారి కిటికీకి ఎదురుగా నుండరాదు.

ఈ విషయమై తెలుగుదేశమున పూర్వమే కృషి జరిగినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజుగారు గ్రామస్థులు మట్టితో కట్టుకొనదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానినిగూర్చి పుస్తకము ప్రకటించిరి. 1980ల నుండి 2002 వరకు కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల పథకమును దేశమంతట నడపినది. అందు పెక్కు పొయ్యిలు కొలదికాలమునకే మూలబడుటకు ముఖ్యకారణము, మసిపట్టిన గొట్టమును శుభ్రపరచకపోవుట, విరిగినదానిని బాగుచేయకపోవుట. కావున నెలకొకమారు గొట్టములోని మసిని దులుపవలెను. అట్లు చేయని గొట్టము లేనిదానితో సమానము.

5. కాలము, స్థలము

మదనపల్లె సీమ సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన మెట్టభూమి, చుట్టును కొండలు. చలికాలపు రాత్రులయందు నేల త్వరగా చల్లబడును. నేలనంటిన గాలి చల్లబడి బరువై క్రిందనే నిలుచును. పైన వెచ్చని గాలి మూతవలె నుండును. అట్టివేళ లేచిన పొగ పైకి పోజాలక వీధులలో పరచుకొనును. ఎండ బాగుగ కాసిన తరువాతనే ఆ మూత తొలగును. కావున తప్పనిసరియైన పెరటి మంటను ఉదయము 10 గంటలకు పిమ్మట, సాయంకాలము 4 గంటలకు ముందు పెట్టవలెను. గాలి బలముగా వీచుదినమున అసలే పెట్టరాదు. నిప్పురవ్వ ఎగిరి వామిపై పడినచో సంవత్సరపు పశుగ్రాసము గడియలో బూడిదయగును.

మంటకు వామి, బోదకొట్టము, పశువుల పాక 50 అడుగులకు తక్కువ దూరమున నుండరాదు. నీటికుండలు చెంతనుండవలెను. కిరసనాయిలు పోసి రాజబెట్టరాదు. బూడిదలో నిప్పు మరునాటివరకు దాగియుండును. నీరు చల్లి కెలికి, చేతికి చల్లగా తగిలిన పిమ్మటనే పెంటదిబ్బపై వేయవలెను.

6. కాల్చరానివి

టమోటా మళ్లపై పరచెడి ప్లాస్టిక్ పట్ట, మొక్కలకు కట్టెడి ప్లాస్టిక్ పురి, మందుల డబ్బాలు, పాత టైర్లు, రంగువేసిన చెక్క, ఇవి ఎట్టిపరిస్థితులలోను మంటలో వేయరాదు. వీని పొగ కట్టెపొగకంటె విషపూరితము. వీని బూడిద నేలకు చేటు. పంట తీసిన వెంటనే పట్టను చుట్టి, మన్ను దులిపి, వేరుగా నుంచి, పాతసామాను కొనువారికి ఈయవలెను. భోగిమంట పూర్వాచారము, దానిని ఎవరును కాదనరు. అయితే పిడకలు, ఎండుకట్టెలు వేయవలసినచోట టైర్లు వేయుట ఆచారము కాదు. వీధికొక మంట చాలును.

7. ఆకులలములకు ఎరువుగుంట

ఆకులను తగులబెట్టుట ఎరువును తగులబెట్టుటయే. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5½ కిలోల నత్రజని కలదు. కాల్చినయెడల అది దాదాపు అంతయు గాలిలో పోవును. పెరటి మూలను 3 అడుగుల లోతు గుంట త్రవ్వి, జానెడు ఆకులు, పైన పేడనీరు, పలుచగా మన్ను, ఇట్లు వరుసలుగా నింపి తేమ ఆరకుండ చూచినచో నాలుగైదు మాసములకు నల్లని ఎరువు లభించును. నెలకొకమారు తిరుగవేసిన ఇంకను త్వరపడును.

8. ఇరుగుపొరుగు

పొగవలని తగవులు పెక్కు మాటపట్టింపుతో ముదురును. పెద్ద మంట పెట్టదలచినవాడు ముందునాడే ప్రక్కయింట చెప్పవలెను. అచ్చట పసిబిడ్డ, గర్భిణి, ఉబ్బసపు రోగి యున్నయెడల మంటను వేరుచోటికి మార్చవలెను. చెప్పబడినవాడును శాంతముగా వినవలెను; రైతుకు కట్టెపొయ్యి విలాసము కాదు, అవసరము. చట్టము సైతము కలదు. బహిరంగముగా చెత్త కాల్చుటను జాతీయ హరిత ధర్మాసనము 2016 డిసెంబరులో నిషేధించి, సామాన్యమైన కాల్పునకు 5,000 రూపాయలు, పెద్దమొత్తమున కాల్చినందుకు 25,000 రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించినది. అంతవరకు పోనీయక ఊరిపెద్దల యెదుట తీర్చుకొనుట ఉభయులకు మేలు.

తుదకు ముఖ్యాంశములు:

ఆరిన కట్టెనే పెట్టవలెను. పొయ్యికి గాలియు, పొగకు గొట్టమును ఉండవలెను. ఎండవేళనే మంట పెట్టవలెను. ప్లాస్టిక్ కాల్చరాదు. ఆకులను గుంటలో వేయవలెను. మంట పూర్తిగ ఆరిన పిమ్మటనే చెంతనుండి లేవవలెను.

ఇవి పాటించుటకు రైతుకు పెద్ద వ్యయము లేదు. కట్టె మిగులును, ఎరువు చేకూరును, ఇంటివారి కండ్లును ఊపిరియు నిలుచును. ఈ సంవత్సరము కనీసము ఒక్క కాగుపొయ్యినైనను ఈ రీతిగా కట్టించి ఫలితము చూడవలసినదిగా రైతులు కోరబడుచున్నారు.