ఎగువ మార్పు, దిగువ పొలము



మన సీమలో చెరువుల మర్యాద ఎరుగని పెద్దలు లేరు. బయ్యారము చెరువును 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని సోదరి మైలమ కట్టించెను. గొలుసుకట్టు చెరువులలో ఎగువ చెరువు అలుగు పారినగాని దిగువ చెరువు నిండదు. ఎగువవారు అలుగును జానెడెత్తు పెంచుకొన్నచో అది వారికి మేలే కావచ్చును; దిగువ పొలమునకు మాత్రము నీరు ఆలస్యమగును. కంప్యూటరు ప్రోగ్రాముల స్థితియు సరిగా ఇట్టిదే. ఆ వృత్తివారును "ఎగువ", "దిగువ" అను అర్థమిచ్చు మాటలనే వాడుచున్నారు.

ఏ ప్రోగ్రామును ఒంటరిగా నిలువదు. పదింటిమీద ఆధారపడి నిలుచును. వానిలో ననేకములు ఓపెన్ సోర్స్ అనబడునవి. అనగా వాని మూలపాఠము ఊరుమ్మడి చెరువువలె అందరకు తెరచియుండును. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. దిద్దినప్పుడెల్ల, పుస్తకమునకు రెండవ ముద్రణ, మూడవ ముద్రణ అన్నట్లు, ఒక కూర్పు సంఖ్య నిత్తురు. సాధారణముగా నందు మూడంకెలుండును. కడపటి యంకె మారినచో తప్పు దిద్దిరని యర్థము. నడిమి యంకె మారినచో క్రొత్త వసతి చేరినదని యర్థము. మొదటి యంకె మారినచో పాత వాడుక చెల్లకపోవచ్చునని హెచ్చరిక.

ఒక యుదాహరణము చెప్పెదను. వందల కంప్యూటర్లను ఒక్కచోటనుండి, మనిషి చేయి తగులకుండ, సరిదిద్దు "అన్సిబుల్" అను పనిముట్టు 2012లో వెలువడెను. అది "పైథాన్" అను భాషమీద ఆధారపడినది. పైథాను 3వ కూర్పు 2008లో వచ్చెను. 2వ కూర్పునకు మరమ్మతులు 2020 జనవరి 1తో ఆగెను. నడుమ పదునొకండేండ్ల గడువున్నను, కడపటి దినము వరకు కదలనివారు పలువు రుండిరి. ఆ 2020లోనే అన్సిబుల్ 2.10వ కూర్పునుండి దాని సామగ్రిలో చాల భాగము వేరు వేరు సంపుటములుగా విడిపోయెను. పాత పేరులతో వచ్చిన ఆజ్ఞలకు క్రొత్త చోటు చూపు ఏర్పాటును చేసిరి.

ఈ విభజన మనకు వింతకాదు. 2016 అక్టోబరు 11న తెలంగాణములో పది జిల్లాలు ముప్పదియొకటి కాగా, జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పుట్టినవి. బయ్యారము ఖమ్మము జిల్లానుండి మహబూబాబాదులో చేరెను. ఏటూరునాగారము వరంగల్లు విడిచి భూపాలపల్లిలో చేరి, 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా యేర్పడగా అందు చేరెను. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు. కాగితములోని పేరు మాత్రమే మారినది. కాని యంత్రమునకు కాగితమే ఊరు. ఒక పట్టికలో పాత జిల్లా, మరియొక పట్టికలో క్రొత్త జిల్లా యున్నచో, రెంటిని పోల్చిచూచు ప్రోగ్రాము ఒకే మనిషిని ఇద్దరుగా నెంచవచ్చును, లేదా అసలు లేడనవచ్చును.

మేలైన మార్పునకును నిదర్శనము కలదు. 2024 మార్చినుండి క్రొత్త బండ్లకు "టీజీ" అక్షరములు వచ్చినవి. జనగామలో పూర్వము "టీఎస్ 27" గా నమోదైన బండికి ఆ సంఖ్యయే చెల్లుచున్నది. పాతదానిని చెల్లనిచ్చి క్రొత్తదానిని చేర్చుట యనగా నిదియే. కాని "టీఎస్" మాత్రమే యెరిగిన ప్రోగ్రామున్నచో, దానిని దిద్దువరకు, క్రొత్త బండిని అది త్రోసిపుచ్చును.

అట్లయిన మార్పే వలదందురా? అదియు క్షేమము కాదు. 2021 డిసెంబరులో "లాగ్4జె" అను చిన్న యుపకరణములో పెద్ద లోపము బయటపడెను. దానిని వాడు సంస్థలలో ననేకములకు, అది తమ యంత్రములలో నున్నదన్న సంగతియే తెలియదు. మరమ్మతు చేయని తూము ఏనాటికైనను గండి తెచ్చును.

కావున తెలిసినవారు అవలంబించు పద్ధతి యిది. ఏ ప్రోగ్రాము దేనిమీద, ఏ కూర్పుమీద నిలిచినదో పట్టిక వ్రాసియుంచవలెను. అన్నిటిని ఒక్కమారు మార్చక, ఒకదానివెంట నొకటి మార్చవలెను. ముందు ఎగువవారి ప్రకటన చదివి, వేరుగా నుంచిన నకలుమీద పరీక్షించి, పిమ్మట అసలుమీద పెట్టవలెను. పాత ప్రతిని, క్రొత్తది కుదురుకొను వరకు, పారవేయరాదు. క్రొత్త విత్తనమును ముందు ఒక మడిలో చల్లిచూచు రైతునకు ఈ నీతి నేర్పనక్కరలేదు.

గ్రామ పెద్దలకు దీనితో పనియేమి యందురేమో. వృద్ధుని పింఛను, పట్టాదారు పాసుపుస్తకము, రేషను బియ్యము నేడు ప్రోగ్రాములమీదుగానే వచ్చుచున్నవి. "మీ పేరు యంత్రములో లేదు" అని ఎవరైన ననినప్పుడు, ఆ మనిషిదే తప్పని తలవంచి మరలిరావలదు. "యేమి మారినది? ఎప్పుడు మారినది? పాత పట్టికలో చూచితిరా?" అని మర్యాదగా నడుగుడు. పాత కాగితములను భద్రపరచుడు. ఎగువ అలుగు మార్చినవారు దిగువ పొలమును వచ్చి చూడవలెనని కోరుట మన చెరువుకట్టలమీద పెద్దలెరిగిన ధర్మమే. ఆ ధర్మమును యంత్రములవద్దను నిలుపవలసినవారు మీరే.