అరుదైన వంశపారంపర్య వ్యాధి – మన కర్తవ్యం



ఈ ప్లాటినం జూబిలీ వేళ అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే అరుదైన వ్యాధిని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను. నడక నేర్చిన బిడ్డ అడుగు తడబడుతుంది. కొన్నేళ్లకు కనుగుడ్ల తెల్లభాగంలోను, చెవుల చర్మంపైన సన్నని రక్తనాళాలు ఎర్రని దారాలవలె తేలుతాయి. పెక్కుమందిలో రోగనిరోధకశక్తి సన్నగిల్లి ఊపిరితిత్తుల జబ్బులు మరల మరల వస్తాయి.

ఇన్నింటికీ మూలం పదకొండవ క్రోమోజోముపైనున్న ఏ.టి.ఎం. అనే జన్యువులోని లోపమని 1995లో కనుగొన్నారు. తెగిన డి.ఎన్.ఏ.ను బాగుచేయించడం ఆ జన్యువుద్వారా తయారయ్యే ప్రోటీను పని. కనుకనే ఈ పిల్లలకు అత్యవసరమైతే తప్ప ఎక్స్‌రేలు తగవు.

తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి లోపమున్న జన్యువులు సంక్రమిస్తేనే వ్యాధి కలుగుతుంది. ఆ తల్లిదండ్రులు ఆరోగ్యవంతులుగానే కనబడతారు. ప్రతి కాన్పులోను ముప్పు నాలుగింట ఒక వంతు. ఒకే వంశంలో ఒకే లోపం దాగియుండవచ్చును గనుక మేనరికాలలో ఈ ముప్పు హెచ్చు. తమిళనాట తరతరాలుగా స్థిరపడిన మనలో మేనరికాలు కొత్త కావు. వద్దని శాసించను; ముందుగా వైద్యుల సలహా పొందండి.

కోడలినొక్కదానినే నిందించకండి, లోపం ఇరువైపులదీ. ఉపాధ్యాయులారా, వ్రాత వంకరపోయిన బిడ్డను మందలించే ముందు ఒక్కసారి ఆ కళ్లలోనికి చూడండి.