కుడివైపు నుంచి దారి

రామప్ప గుడి ఉన్న పాలంపేటకు ఉత్తరం రాస్తే, పిన్‌కోడ్‌లో మొదటి మూడంకెలు 506 చూడగానే దాన్ని వరంగల్ దారి పట్టిస్తారు. ఊరి పేరుతో పని చివర్లోనే. 1972లో మొదలైన పద్ధతి ఇది.

ఈ-మెయిల్‌దీ అదే తీరు. పంపే సర్వర్ దారి వెతికేటప్పుడు ‘ఎట్’ గుర్తుకు కుడివైపున్న డొమైన్ పేరే చూస్తుంది. ఎడమవైపున్న మనిషి పేరు చేరే సర్వర్ చూసుకుంటుంది. ఆ డొమైన్‌కు వచ్చే మెయిల్ ఎవరు తీసుకుంటారో డొమైన్ పేర్ల చిరునామా పుస్తకం లాంటి డీఎన్‌ఎస్‌లోని ఎంఎక్స్ రికార్డు చెబుతుంది. అందులో రెండు సర్వర్లుంటే, పంపే సర్వర్ 10 అని రాసిన దాని తలుపు ముందు తడుతుంది, 20 అని రాసినదాన్ని ఆ తర్వాత. రెండూ పలక్కపోయినా మెయిల్‌ను పారేయదు. వరుసలో ఉంచి, మామూలుగా నాలుగైదు రోజులదాకా మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. ఈ ఓపికే నాకు ఇందులో బాగా నచ్చింది.

ఇక మెయిళ్లు చేరాక వాటిని వేరుచేయడం. చాలా మెయిల్ వ్యవస్థలు ఇందుకు మీరు పెట్టిన నియమాలను పైనుంచి కిందికి చదువుతాయి. అందుకే బ్యాంకు, ఆసుపత్రి మెయిళ్ల నియమాలు పైన పెట్టండి, ప్రకటనలవి అడుగున.