థేమ్స్ నుంచి గోదావరికి: నీటిరంగుల మాస్టారు కూల్డ్రే



మీ దగ్గరున్న భారతదేశ పటం తీసుకుని, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా పామేడు అనే ఊరు ఎక్కడుందో చూడండి. బస్తర్ అడవుల్లో ఉన్న ఆ ఊరి చుట్టుపక్కల కురిసిన వాన వాగులై పారి, తాలిపేరు వంటి ఉపనదుల ద్వారా గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి భద్రాచలం దాటి, కూనవరం దగ్గర శబరిని కలుపుకుని, పాపికొండల ఇరుకులోంచి బయటపడి రాజమండ్రి చేరుతుంది. సుమారు వందేళ్ల క్రితం ఆ ఒడ్డున ఉద్యోగం చేసి, ఆ నదిని ప్రేమించి, మన కుర్రవాళ్ల చేత బొమ్మలు వేయించిన ఒక ఇంగ్లీషు చిత్రకారుడి గురించి ఈరోజు తెలుసుకుందాం. సైన్సు చెప్పేవాడికి బొమ్మలతో పనేమిటని మీరు అడగవచ్చు. నీటిరంగుల చిత్రంలో సగం భౌతికశాస్త్రమే ఉంది. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

ఆయన పేరు ఓస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. 1882లో ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డునున్న ఆబింగ్డన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. ఆక్స్‌ఫర్డులో చదువుకుని, విద్యాశాఖ ఉద్యోగిగా మన దేశానికి వచ్చి, 1909 నుంచి 1919 వరకు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. కవి, రచయిత, నీటిరంగుల చిత్రకారుడు. 1920లో వచ్చిన ఆయన కవితా సంపుటి పేరు 'థేమ్స్ అండ్ గోదావరి'. రెండు నదులనూ ఒకే అట్ట మీద పక్కపక్కన నిలబెట్టారన్నమాట. 1924లో 'సౌత్ ఇండియన్ అవర్స్' అనే పుస్తకంలో మన ప్రాంతపు జ్ఞాపకాలు రాశారు.

ఆయన వచ్చిన కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. అంతకు రెండేళ్ల ముందే, 1907లో, బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. విద్యార్థులు వందేమాతరం అంటూ లేచారు. ఆ ఊళ్లోనే ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి పంపేశారు. అలాంటి ఊళ్లో తెల్లదొర ప్రిన్సిపాలంటే కుర్రవాళ్లకు ఎంత నమ్మకం ఉంటుందో మీరే ఊహించండి. ఆయన జీతం ఇచ్చినది కూడా ఆ ప్రభుత్వమే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఆయన బొమ్మల మీద ఆసక్తి ఉన్న పిల్లలను చేరదీసినప్పుడు, వాళ్లను లండను మాదిరి మనుషులుగా మార్చాలని చూడలేదు. మీ ఊరు, మీ నది, మీ మనుషులు బొమ్మకు పనికివస్తారని వాళ్లకు నమ్మకం కలిగించారు. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని ఇదే. ఆయన సొంత చిత్రాలకంటే కూడా ఇదే ఎక్కువ కాలం నిలిచింది.

ఇప్పుడు సైన్సు దగ్గరకు వద్దాం. నీటిరంగులో ఉండేవి ప్రధానంగా రెండే: మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని కాగితానికి అంటించే తుమ్మజాతి చెట్టు బంక. తైలవర్ణంలో తెల్లరంగు వేస్తారు. నీటిరంగులో సాధారణంగా తెల్లరంగు వేయరు, కాగితమే తెలుపు. వెలుగు పలుచని రంగుపొర గుండా లోపలికి వెళ్లి, తెల్ల కాగితం మీద పడి, మళ్లీ అదే పొర గుండా మన కంటికి వస్తుంది. అంటే ఒకే రంగును వెలుగు రెండుసార్లు దాటుతుంది. నీటిరంగు చిత్రం లోపలినుంచి వెలుగుతున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. ఒకసారి ఎక్కువ రంగు వేస్తే ఆ వెలుగును తిరిగి తేవడం చాలా కష్టం. అందుకే ఈ పద్ధతిలో తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు.

ఇంగ్లండులో ఈ కళ అంతగా పెరగడానికి అక్కడి గాలి కూడా తోడ్పడిందని నా అనుమానం. గాలిలో తేమ ఎక్కువ, ఎండ తక్కువ కాబట్టి తడి నెమ్మదిగా ఆరుతుంది. ఆకాశాన్ని పైన ముదురు నీలంతో మొదలుపెట్టి, కిందికి వచ్చేసరికి లేతగా కరిగించడానికి వ్యవధి దొరుకుతుంది. మే నెలలో రాజమండ్రి ఎండలో అదే ప్రయత్నం చేయండి. కుంచె అటునుంచి ఇటు వచ్చేలోగా మొదటి గీత ఆరిపోయి, అంచు కట్టేస్తుంది. ఆవిరయ్యే వేగం వేడి మీద, గాలి మీద, తేమ మీద ఆధారపడుతుందని మీరు పాఠంలో చదివారు. చిత్రకారుడికి ఆ పాఠం కుంచె చివర తెలుస్తుంది.

మరి పాపికొండలు దూరంనుంచి నీలంగా ఎందుకుంటాయి? కొండకూ మనకూ మధ్య ఉన్న గాలి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ చెదిరిన వెలుగు కొండ అసలు రంగుకు అడ్డుపడుతుంది. అందుకే దగ్గరి కొండ ఆకుపచ్చ, దాని వెనకది నీలి పచ్చ, ఆ వెనకది ఆకాశంలో కలిసిపోయే లేత నీలం. ఈ తేడాను కంటితో పట్టుకోవడమే ప్రకృతి దృశ్యాలు గీసేవారి మొదటి పాఠం.

ఆ వాతావరణంలో పెరిగినవారిలో దామెర్ల రామారావు ముఖ్యులు. 1897లో పుట్టారు. కూల్డ్రే ప్రోత్సాహంతో 1916లో బొంబాయి జె.జె. చిత్రకళా పాఠశాలలో చేరారు. చదువు ముగించాక బొంబాయిలోనే ఉండిపోకుండా రాజమండ్రి తిరిగివచ్చి, ఇక్కడే చిత్రకళా పాఠశాల పెట్టారు. తూర్పు కనుమల్లోని గోదావరి ఆయన చిత్రాల్లో ఒకటి. 1925లో మశూచి సోకి చనిపోయేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. టీకా ఉన్న జబ్బుకు అలాంటి ప్రాణం పోయింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ పాఠశాలను నడిపారు. కూల్డ్రే శిష్యుల్లో మరొకరు అడివి బాపిరాజు. 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి' నవలల రచయితగా మీకు తెలిసిన ఆయన చిత్రకారుడు కూడా.

కూల్డ్రేకు చెవుడు వచ్చింది. అది ముదరడంతో 1919లో ఉద్యోగం వదిలి ఆబింగ్డన్ వెళ్లిపోయారు. పిల్లల మాట వినపడని పంతులు తరగతిలో ఎలా నిలబడగలడు? కన్ను మాత్రం ఆయన్ను వదలలేదు. 1958లో చనిపోయేవరకు రాస్తూ, బొమ్మలు వేస్తూ అక్కడే ఉన్నారు.

ఆ తరం చూసిన గోదావరి ఇప్పుడు అలాగే లేదు. పోలవరం దగ్గర 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించాక, ఎగువన పాపికొండల వైపు నీటిమట్టం పెరిగింది. కాబట్టి పాత చిత్రాలు అందమైన వస్తువులే కాక, పాత ఒడ్డుకు సాక్ష్యాలు కూడా. కానీ ఆ సాక్ష్యం కాగితం మీద ఉంది, దానికి వెలుగే శత్రువు. ఇంగ్లండులో 1888లో రస్సెల్, అబ్నీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నీటిరంగులు ఎండకు ఎంత వెలుస్తాయో పరీక్షించి నివేదిక ఇచ్చారు. గాజు గొట్టాల్లో రంగు కాగితాలు పెట్టి, కొన్నింటిలో తేమగాలి, కొన్నింటిలో పొడిగాలి ఉంచారు. కొన్నింటిలో గాలే లేకుండా చేశారు. తేమగాలిలో చాలా రంగులు వెలిసిపోయాయి. గాలి లేనిచోట దాదాపు అన్నీ నిలిచాయి. ఎండా, తేమా రెండూ ఉన్న గోదావరి ఒడ్డున చిత్రాలను కాపాడటం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరిట ఉన్న చిత్రశాలకు వెళితే, ఫ్లాష్ వేసి ఫోటోలు తీయకండి, చిత్రం మీద చెయ్యి పెట్టకండి.

ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. ఒక తెల్ల కాగితం మీద మీ రంగుల పెట్టెలోని ఎరుపు, నీలం, పసుపు పట్టీలుగా పూసి ఆరనివ్వండి. సగభాగాన్ని నల్ల కాగితంతో గట్టిగా కప్పి, కిటికీలో ఎండ తగిలేచోట అంటించండి. తేదీ వెనక రాయండి. రెండు నెలల తరువాత నల్ల కాగితం తీసి, రెండు సగాలనూ పక్కపక్కన చూడండి.