ఇంటిపేరు మరచిన ఇల్లాళ్ళు



మనవాళ్ళకు ఒక అలవాటుంది. కొత్తవారెవరైనా కనిపిస్తే ముందుగా "మీదే వూరండీ?" అంటాం. ఆ వెంటనే "ఇంటిపేరేమిటి?" అని అడుగుతాం. అసలు పేరు ఆ తరువాతే. ఇంటిని నడిపే స్త్రీకి ఇల్లాలు అనే మాట కూడా ఇంటిని బట్టి వచ్చిందే. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమని పెద్దలు సామెత కూడా చెప్పారు. మరి ఇల్లే లేని ఇల్లాలిని ఏం చూసి గుర్తుపట్టాలి? ఈవేళ నేను మీతో ముచ్చటించదలచుకున్నది ఆవిడను గురించే.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లూ వాకిలీ లేనివారు సుమారు 17 లక్షల 70 వేల మంది. వీరిలో చాలామంది రెక్కాడితేగాని డొక్కాడని కూలిజనం. వాళ్ళ కష్టం వేరు, దానికి ఉపాయమూ వేరు. కాని వాళ్ళ మధ్యనే ఇంకొందరున్నారు. బస్టాండులో ఒక మూలనో, రైలు స్టేషను బయటనో, గుడి వెనకాలో, జడలు కట్టిన జుట్టుతో, ఎండాకాలంలో కూడా రెండు మూడు చీరలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే ఆడమనిషి. ఆవిడను మనమందరం చూస్తూనే వుంటాం. చూసి, పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కకు తప్పుకుంటాం. "పాపం, పిచ్చిది" అంటాం. ఆ ఒక్క మాటతో ఆవిడ వూరూ, ఇంటిపేరూ, సొంత పేరూ అన్నీ చెరిగిపోతాయి.

ఆవిడ పుట్టుకతోనే అక్కడ లేదు కదండీ. ఎవరో కన్నారు, ఎవరో పెంచారు, చాలామందికి పెళ్ళీ అయింది, పిల్లలూ వున్నారు. కొందరికి పురిటి తరువాత మనసు చెదురుతుంది. కొందరికి వయసులో వుండగానే, లేని గొంతులు వినిపించడం, అందరి మీదా అనుమానం కలగడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళు మొదట గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. రోగం ముదిరేసరికి భర్త వదిలేస్తాడు, పుట్టింటివాళ్ళకు మోయలేని బరువవుతుంది. ఒకనాడు ఆవిడ కనిపించిన రైలెక్కేస్తుంది. దిగిన చోట ఆవిడ మాట ఎవరికీ రాదు, వాళ్ళ మాట ఆవిడకు రాదు. అక్కడినుంచి రోడ్డే ఇల్లు. ఆ రోడ్డు మీద ఆడమనిషికి ఏమేమి జరుగుతాయో నేను విడమరచి చెప్పనక్కరలేదు. బాగున్న మనసు కూడా అక్కడ చెదిరిపోతుంది.

1993 లో చెన్నైలో ఇద్దరు అమ్మాయిలకు రోడ్డు మీద ఇలాంటి స్త్రీ ఎదురైంది. ఒకరు వందనా గోపీకుమార్, మరొకరు వైష్ణవీ జయకుమార్. ఇద్దరికీ పాతికేళ్ళు నిండలేదు. ఆ స్త్రీకి ఒంటి మీద సరిగా బట్ట లేదు. ఆమెను ఎక్కడైనా చేర్పిద్దామని తిరిగారు. తిరిగిన కొద్దీ వాళ్ళకు అర్థమైందేమిటంటే, ఇల్లూ లేక మతీ చెడిన ఆడదాన్ని తీసుకునే చోటు దొరకడమే కష్టమని. దిక్కులేని ఆడవాళ్ళను చేర్చుకునే ఆశ్రమాలు మతి చెడినవారంటే భయపడతాయి. ఆస్పత్రివారు వెంట ఎవరున్నారని అడుగుతారు. సరే, మనమే చేద్దామని వాళ్ళు ఒక సంస్థ పెట్టి, ఇల్లు అద్దెకు తీసుకుని మొదలుపెట్టారు. ఆ సంస్థ పేరు 'ద బాన్యన్'. అంటే మర్రిచెట్టు. వాళ్ళ ఆశ్రయగృహానికి పెట్టుకున్న తమిళ పేరు 'అడైక్కలం'. శరణు, ఆశ్రయం అని అర్థం.

వాళ్ళు చేసే పని చెప్పుకుంటే చాలా సామాన్యంగా వుంటుంది. ముందు స్నానం, ఉతికిన బట్టలు, వేళకు అన్నం. పుండ్లుంటే కట్టు కట్టడం. తరువాత మానసిక వైద్యుడు చూసి మందులు మొదలుపెట్టడం. మందులు వంటికి పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపల దగ్గర కూర్చుని మాట్లాడేవాళ్ళుండాలి. అదీ ఆవిడ భాషలో మాట్లాడాలి. చెన్నైలో దిగినవాళ్ళంతా తమిళులే కాదు గదా, ఒకరిది హిందీ, ఒకరిది బెంగాలీ, ఒకరిది మన తెలుగు. ఏదో ఒకరోజు ఆవిడ నోటినుంచి ఒక ముక్క వస్తుంది. ఒక వూరి పేరు, ఒక ఏటి పేరు, పక్కవూళ్ళో జరిగే సంత పేరు. ఆ ముక్క పట్టుకుని ఆ వూరేదో వెతుకుతారు, అక్కడి పోలీసులనడుగుతారు, చివరకు ఇల్లు కనుక్కుని వెంటబెట్టుకుని తీసుకువెళతారు. మనం కొత్తవాళ్ళను అడిగే "మీదే వూరు, ఇంటిపేరేమిటి" అన్న ప్రశ్నలే వాళ్ళు వైద్యంతో పాటు ఓపికగా అడుగుతున్నారన్నమాట.

ఇది ఆడవాళ్ళ సంగతే అనుకునేరు. ముంబైలో భరత్ వట్వానీ, స్మితా వట్వానీ అనే డాక్టరు దంపతులు రోడ్డు పక్క మురుగునీళ్ళు కొబ్బరిచిప్పతో ముంచుకు తాగుతున్న కుర్రవాణ్ణి చూసి తమ నర్సింగ్‌హోముకు తీసుకుపోయారు. వైద్యం చేసి, మతి కుదుటపడ్డాక అడిగితే తెలిసిందేమిటి? అతను మన ఆంధ్రదేశం వాడు, డిగ్రీ చదివినవాడు! తండ్రికి కబురు పెట్టి అప్పగించారు. ఆ అనుభవంతోనే 1988 లో శ్రద్ధా రిహాబిలిటేషన్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టి, వేలమందిని ఇళ్ళకు చేర్చారు. 2018 లో భరత్ వట్వానీగారికి రామన్ మెగసెసే బహుమతి వచ్చింది. ఆ కుర్రవాడు కూడా ముంబై జనానికి "ఎవరో పిచ్చివాడే" గదా. మన వీధిలో తిరిగే ఆవిడ ఇంకెవరి ఇంటి ఆడబిడ్డో మనకేం తెలుసు?

ఇంతవరకూ సుఖాంతమైన కథే. ఇల్లు దొరికింది, ఇంట్లోవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు, అయిపోయింది అనుకుంటాం. అలా కాదండీ. ఇంటికి చేరాక కూడా మందులు మానకూడదు. "ఇప్పుడు బాగానే వుంది గదా" అని మానిపిస్తే జబ్బు తిరగబెడుతుంది. ఆవిడ మళ్ళీ రోడ్డెక్కుతుంది. ఇక కొందరికి వెళ్ళడానికి ఇల్లే వుండదు. తల్లిదండ్రులు గతించి వుంటారు, భర్త మళ్ళీ పెళ్ళి చేసుకుని వుంటాడు, అన్నదమ్ములు మాకక్కరలేదంటారు. కొందరు ఆ ఇంట పడిన బాధలు తలచుకుని మేము పోమంటారు. వీళ్ళంతా ఆశ్రయగృహంలోనే ఏళ్ళతరబడి వుండిపోతారు. అక్కడ అన్నముంటుంది, మందుంటుంది. కాని గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. ఈవేళ ఏం కూర వండుదామని ఆవిడను అడిగేవాళ్ళుండరు.

బాన్యన్ వారు 2015 ప్రాంతంలో మొదలుపెట్టిన 'హోమ్ ఎగైన్' అనే పని నాకు అందుకే అన్నిటికంటే గొప్పగా తోచింది. మామూలు వీధుల్లో, మామూలు ఇళ్ళు అద్దెకు తీసుకుంటారు. పట్నంలోనూ, పల్లెలోనూ కూడా. ఒక్కో ఇంట్లో నలుగురైదుగురు స్త్రీలుంటారు. కావలసినంత సాయం చేయడానికి మనిషి వుంటుంది, వైద్యమూ అందుతుంటుంది. మిగతాదంతా మన ఇళ్ళలాగే. వాళ్ళే కూర తెచ్చుకుంటారు, వండుకుంటారు, గుడికో చర్చికో పోతారు, చేతనైనవారు పనికి పోతారు. ఇలా ఇళ్ళలో వుంటున్నవారు, ఆశ్రయగృహంలో వుండిపోయినవారికన్నా నలుగురిలో బాగా కలుస్తున్నారని పరిశీలనలో కూడా తేలింది. ఇందులో ఆశ్చర్యమేముంది? తన పొయ్యి, తన ముంత, తన తాళంచెవి వున్న మనిషికి లేచి నిలబడాలని వుంటుంది.

దీనికి పూర్తిగా ఎదురైన సంగతి కూడా ఒకటి చెప్పాలి. తమిళనాడులోనే ఏర్వాడి అనే చోట, 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, మతి చెడినవారిని పెట్టిన ఒక పాకకు నిప్పంటుకుంది. వాళ్ళను గొలుసులతో కట్టేసి వుంచారు. పారిపోయే వీలులేక 28 మంది ఆహుతైపోయారు. వాళ్ళకూ నెత్తిన కప్పు వుంది. కప్పున్నంత మాత్రాన ఇల్లు కాదని దీన్నిబట్టి తెలియడం లేదా?

ఇప్పుడు చట్టం కూడా మారింది. 2017 లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో వుంది. అందులో మనం గుర్తుపెట్టుకోవలసినవి నాలుగు. ఒకటి, మతి స్థిమితం లేక తననుతాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని, 24 గంటలలోగా దగ్గరలోని ప్రభుత్వాస్పత్రికి చేర్చడం పోలీసుల విధి. లాకప్పులో పెట్టకూడదు. ఇల్లు లేని మనిషయితే కేసు నమోదు చేసి, ఇంటివాళ్ళెక్కడున్నారో కనుక్కోవాలి. రెండు, ఇల్లు లేనివారికి ప్రభుత్వాస్పత్రిలో మానసిక వైద్యం ఉచితం. మూడు, గొలుసులతో కట్టకూడదు. నాలుగు, ఇంటివాళ్ళు రానివ్వలేదనో, ఇల్లు లేదనో కారణం చెప్పి, నయమైన మనిషిని ఆస్పత్రిలోనే వుంచెయ్యకూడదు. నలుగురి మధ్య బ్రతకడం ఆవిడ హక్కు.

కనుక మీ వీధిలో అలాంటి స్త్రీ కనిపిస్తే అన్నం పొట్లం ఇవ్వండి, తప్పక ఇవ్వండి. కాని ఆ పొట్లంతో పని తీరిపోయిందనుకోవద్దు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిసి పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పండి. పై సంగతులు తెలిసి వెళితే మాట గట్టిగా వస్తుంది. ఇంట్లోనే ఎవరికైనా తేడాగా వుంటే రోడ్డుదాకా రానివ్వకండి. 14416 అనే టెలీమానస్ నెంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో పెద్దాస్పత్రులున్నాయి. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలే" అని మనం వేళాకోళమాడే అలవాటు కూడా మానుకోవాలి. ఆ మాటకు జడిసే చాలా ఇళ్ళలో జబ్బును దాచిపెడుతున్నారు.

చివరగా ఒక్కమాట. మీ పక్క వాటా ఖాళీగా వుందనుకోండి. అలాంటి సంస్థవారు వచ్చి, నయమైన నలుగురు ఆడవాళ్ళుంటారు, అద్దె ఒకటో తేదీన మేమిస్తాం అన్నారనుకోండి. ఏమంటారు? "మంచి పనేనండీ, కాని మా వీధిలో వద్దు, పిల్లలున్న ఇల్లు" అనాలనిపిస్తుంది. ఆ భయం సహజమే, నేను తప్పుపట్టను. కాని మానసిక వ్యాధి వున్నవాళ్ళ వల్ల ఇతరులకు జరిగే హానికన్నా, ఇతరుల వల్ల వాళ్ళకు జరిగే హానే ఎక్కువ. ఈ సంగతి మీ ఇంటాయనకు, అత్తగారికి, ఇల్లుగలావిడకు ఒకసారి చెప్పి చూడండి. సంస్థవారు మందులివ్వగలరు, అద్దె కట్టగలరు. పెరట్లో కరివేపాకు కోసుకోమని చెప్పడం, సంక్రాంతికి ముగ్గుకు పిలవడం వాళ్ళ చేతుల్లో లేదు. అది పక్కింటివాళ్ళు చెయ్యవలసిన పని. ఆ నలుగురూ వచ్చిన రోజున గుమ్మంలోకి వెళ్ళి, "మీదే వూరమ్మా?" అని పలకరించండి.